సభరాళ్ళ బయట లచ్చత్త

ఆ కుర్రాడు ఫోన్ చేసినప్పుడు నేను పులుసులోకి చింతపండు పిసుకుతున్నాను. జిల్లా కార్యాలయం నుంచట. మా ఊరి దగ్గరి సభరాళ్ళను పార్కు చేశారట. చుట్టూ కంచె వేసి, పూలమొక్కలు నాటి, నడవడానికి బాట పరిచి, టికెట్ కూడా పెట్టారట. “పాత జమానా విధానసభ మేడమ్ అది, పది ఊళ్ళకు చట్టాలు అక్కడే తయారయ్యేవి” అని నాకే వివరించాడు పాపం. పెద్ద బోర్డు మీది హిందీ రాతను ఎవరితోనో తెలుగు చేయించారు. నేను ఆ ఊరి ఆడపడుచును, పైగా నాలుగు పుస్తకాలు రాసినదాన్ని కాబట్టి ఒకసారి చూసి సరే అనాలి. అంతే పని. తడి చేతులు తుడుచుకుని, వాడు పంపిన ఫొటో చూశాను. అక్షరదోషాలు ఐదు నిమిషాల్లో దిద్దేశాను. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఈ రాళ్ళ మధ్య ఎవరికీ ఎన్నడూ అన్యాయం జరగలేదు’ అని ఉంది. ఆ వాక్యంలో దోషం ఒక్కటీ లేదు, సున్నాలు, దీర్ఘాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మూడు రోజులు ఆ వాక్యం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. జగదల్‌పూర్‌లో నాది రెండు గదుల ఇల్లు, అందులో ఎంత తిరిగినా ఎంత దూరం పోతాం? సర్దిన అలమరనే మళ్ళీ సర్దాను. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయి, చల్లారాక పారబోసి మళ్ళీ పెట్టుకున్నాను. పనికి వచ్చే ఆమె, “ఏమైంది దీదీ, ఎవరైనా వస్తున్నారా?” అని అడిగింది. ఎవరూ రావడం లేదు, నేనే పోవాలి. కుర్రాడు రెండోసారి ఫోన్ చేసి, “సరే అందామా మేడమ్?” అన్నాడు. నాలుగు రోజులు ఆగమన్నాను. లచ్చత్తను అడగకుండా ఆ వాక్యానికి సరే అనే హక్కు నాకు లేదు. వద్దనే ధైర్యం కూడా లేదు. అది వేరే సంగతి.

లచ్చత్త నా మేనత్త, మా నాన్నకు చెల్లెలు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆమెకు ఇరవై దాటి ఒకటో రెండో ఏళ్ళప్పుడు, ఆ రాళ్ళ మధ్యే ఆమెను పది ఊళ్ళ నుంచి వెలివేశారు. వేసినవాళ్ళలో మా తాత ఉన్నాడు, అంటే ఆమె కన్నతండ్రి. సాక్షి చెప్పింది నేను.

మా ఊరి నుంచి తెలంగాణ సరిహద్దును ఆనుకున్న తర్లగూడకు నడిచిపోవచ్చు. ఊళ్ళో సగం మంది దొర్ల ఆదివాసులు, సగం మంది మాలాంటి తెలుగు రైతులు. ఇంట్లో తెలుగు, గట్టు మీద వాళ్ళ భాష దొర్లి, ఫారెస్టు గార్డు వస్తే హిందీ. ఏ భాషలోంచి ఏ భాషలోకి దూకుతున్నామో మాకే తెలిసేది కాదు. ఎండాకాలం మొదలయ్యిందంటే మా ఇంటి వాకిలి, వసారా, చివరికి మంచాల మీద కూడా ఇప్పపువ్వే. తెల్లవారకముందే లచ్చత్త నన్ను లేపి, సొరబుర్రలో జావ పోసుకుని, గంప నెత్తిన పెట్టుకుని అడవికి తీసుకుపోయేది. రాలిన పువ్వును ఏరుతుంటే చేతులు జిగటగా అయ్యేవి, ఆ చేతులతోనే జావ తాగేవాళ్ళం. ఎండిన ఇప్పపువ్వు వాసన ఇంట్లో, బట్టల్లో, తలగడల్లో వానలు పడేదాకా ఉండిపోయేది. నాకు ఆ వాసన ఇష్టమా కాదా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. తల తిరిగేంత తీపి అది. అత్త మాత్రం ఏరినంత సేపూ పాడుతూనే ఉండేది. పెళ్ళయిన రెండేళ్ళకే మామయ్య జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి అలా పాడటం కొందరికి నచ్చేది కాదు. ఆమె వాళ్ళ కోసం గొంతు తగ్గించిందీ లేదు, పెంచిందీ లేదు.

తాత మా ఊరి తరఫున సభలో కూర్చునేవాడు. పది ఊళ్ళకు పది రాళ్ళు, మద్దిచెట్ల నీడన అర్ధచంద్రంగా పాతినవి. ఏ ఊరి రాయి మీద ఆ ఊరి పెద్ద తప్ప మరొకరు కూర్చోకూడదు. ఆడవాళ్ళు, పిల్లలు వెనక నిలబడి వినాలి. వాగులో చేపలు ఏ వారం పట్టాలి, తునికాకు ఏ రోజు నుంచి కోయాలి, లేచిపోయిన జంటను ఏం చేయాలి, అన్నీ అక్కడే తేలేవి. సభ ఉన్న రోజు తాత పొద్దున్నుంచి ఏమీ తినేవాడు కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చుట్ట కూడా ముట్టేవాడు కాదు. చుట్ట లేకుండా తాతను చూడటం మాకు వింతగా ఉండేది. గడప దాటేముందు నన్ను పిలిచి కాళ్ళ మీద నీళ్ళు పోయించుకునేవాడు. “రాళ్ల ముందల అబద్ధమాడితే నాలుక ఎండిపోతది బిడ్డా” అని ప్రతిసారీ చెప్పేవాడు. నేను నాలుక బయటపెట్టి తడిగా ఉందో లేదో వేలితో చూసుకునేదాన్ని.

సభ చేసిన కట్టుబాట్లలో అన్నిటికంటే గట్టిది మామిడిది. మామిడి పండుగ జరిగేదాకా పది ఊళ్ళలో ఎవరూ పచ్చికాయ కోయకూడదు, నోట పెట్టకూడదు. చెట్టు అందరిదీ, కాయ ముదిరితే అందరికీ అందుతుంది, ఒకడు ముందే దులిపేసుకుంటే మిగిలినవాళ్ళకు పులుపు కూడా దక్కదు. చాలా మంచి కట్టుబాటు. ఇప్పుడు ఊరివైపు వెళితే పిందె దశలోనే కాయలు లారీ ఎక్కిపోతున్నాయి. ఆపేవాళ్ళు లేరు. అది చూసినప్పుడల్లా ఆ పెద్దల మీద గౌరవం పుట్టుకొస్తుంది. ఆ వెంటే లచ్చత్త గుర్తొస్తుంది. గౌరవాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

ఆ ఏడు అమ్మ కాన్పుకు వాళ్ళ పుట్టింటికి పోయింది, నాన్న ఆమె వెంట వెళ్ళాడు. ఇప్పపువ్వుకు పోయిన నేను ఎండెక్కేదాకా అడవిలోనే ఆడుకుని, ఇంటికి వచ్చి వాకిట్లో పడిపోయాను. వడదెబ్బ. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, నీళ్ళు పోస్తే వాంతి. అత్త ఉల్లిపాయ దంచి అరచేతులకూ అరికాళ్ళకూ రుద్దింది. తడిబట్ట చుట్టింది. సాయంత్రానికి నేను పిలిస్తే పలకడం మానేశానట. అప్పుడు ఆమె తోపులోకి పోయి నాలుగు పచ్చి మామిడికాయలు కోసుకొచ్చింది. పొయ్యిలో నిప్పుల కింద పెట్టి కాల్చి, గుజ్జు పిండి, ఉప్పూ బెల్లం కలిపి చెంచాతో నా నోట్లో పోస్తూ కూర్చుంది. పండుగకు ఇంకా పది రోజులుంది.

కాల్చిన మామిడికాయ వాసన ఎక్కడ దాగుతుంది? మా ఇంటికి నాలుగిళ్ళ అవతలివాళ్ళకు కూడా తెలిసిపోయింది. అయినా నేను లేచి తిరుగుతున్నానని ఊరు ఊరుకుంది. వారం తిరక్కుండా వడగళ్ళ వాన పడింది. పది ఊళ్ళలో తోపులన్నీ రాలిపోయాయి. పండుగకు ఒక్క కాయ మిగల్లేదు. అప్పుడు అందరికీ ఆ వాసన గుర్తొచ్చింది.

సభలో నన్ను ముందుకు పిలిచారు. ఎవరు కోశారని అడిగారు. నేను తాత వైపు చూశాను, అత్త వైపు చూశాను, నాలుక గుర్తొచ్చింది. “అత్త కోసింది. నాకు పోసింది” అన్నాను. అంతవరకు ఎవరూ కోపంగా లేరు. అలాంటివి అంతకుముందూ జరిగాయి. చేసినవాళ్ళు రాళ్ళ ముందు వంగి ‘తప్పయింది’ అంటే చాలు, ఆ మాటతో సంగతి అయిపోతుంది. అత్త వంగలేదు. “పిల్లను బతికిచ్చుకున్న. తప్పెట్లయితది?” అంది. ఒక పెద్దాయన నవ్వాడు కూడా, “అనెయ్యవే, నోరు పోతదా” అన్నాడు. తాత తన రాయి మీంచి, “ఒక్క మాట అను బిడ్డా” అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఎండ రాళ్ళ మీదికి వచ్చింది, నీడ జరిగిపోయింది, ఎవరూ కదల్లేదు, ఆమె ఆ మాట అనలేదు. చివరికి, మా ఇంటి మనిషే కాబట్టి మేమే చెప్పాలని, తాతే చెప్పాడు. పెద్దలు మళ్ళీ పిలిచేదాకా ఈ పది ఊళ్ళ పొలిమేర తొక్కొద్దని.

నేను చెప్పకపోతే ఆమె పోయేది కాదు. యాభై ఏళ్ళకు పైగా నేను మోస్తున్నది ఈ ఒక్క ముక్క. ఆమె దోర్నపాల్ చేరి సంతలో చింతపండు, ఎండుమిరపకాయలు అమ్ముకుని బతికింది. ఉద్యోగం వచ్చాక వెళ్ళి కలవడం మొదలుపెట్టాను. నా పెళ్ళికి జగదల్‌పూర్ వచ్చి మూడు రోజులు వంట చేసింది. అన్ని మాటలూ మాట్లాడుకున్నాం. ఆ ఒక్కటి మాత్రం ఆమె ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు. ఈలోగా సభలు ఆగిపోయాయి. తర్వాత అడవిలో తుపాకులు తిరిగిన రోజుల్లో పదిమంది ఒకచోట కూర్చోవాలంటేనే భయమైపోయింది. పెద్దలు ఒక్కొక్కరే పోయారు. ఆమెను మళ్ళీ పిలవవలసిన నోళ్ళు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు టికెట్ కొనుక్కుంటే ఎవరైనా లోపలికి పోవచ్చు. అత్తను చెయ్యి పట్టి ఆ గేటు దాటిస్తే నా బరువు దిగుతుంది, ఆ వాక్యానికి కూడా సరే అనేయవచ్చు. దోర్నపాల్ బస్సు ఎక్కినప్పుడు నా లెక్క ఇదే. సిగ్గుగానే ఉంది కానీ ఇదే.

“పార్కా? పూలు గూడ పెట్టిన్రా?” అని అత్త గట్టిగా నవ్వింది. వస్తుందనుకోలేదు. వెంటనే చీర మార్చుకుని చెప్పులేసుకుంది. జీపు మాట్లాడుకుని కుంట ఊరి మీదుగా తెలంగాణలోకి దిగి, చర్లలో చుట్టాల ఇంట్లో ఒక రాత్రి ఆగి, మళ్ళీ తిరిగి తర్లగూడ వైపు వచ్చాం. దారి పొడుగునా ఆమె కిటికీ లోంచి తోపులు చూపిస్తూ ఏ కాయ ఊరగాయకు పనికొస్తుందో చెబుతూనే ఉంది. నేను సగం విన్నాను. గేటు దగ్గర ఎలా ఒప్పించాలా అని మనసులో మాటలు కూర్చుకుంటూ, ఒకటి కుదిరితే ఇంకొకటి చెదిరి, చీర కొంగు ముడులు వేసి విప్పుకుంటూ కూర్చున్నాను.

గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని, మెడలో విజిల్ వేలాడేసుకున్న దొర్ల అమ్మాయి టికెట్లు ఇస్తోంది. రెండు తీసుకున్నాను. తిరిగి చూస్తే అత్త గేటుకు పది అడుగుల దూరంలో, కంచె అవతల నిలబడిపోయింది.

“రా అత్తా, ఇప్పుడెవరున్నారు ఆపడానికి? ఆ పెద్దలూ లేరు, ఆ తీర్పూ లేదు.”

“ఫైసలా ఎన్నడో పోయింది. నీకు తెల్వదా?” అంది.

తెలియదు. ఆమె కంచె తీగ పట్టుకుని నింపాదిగా చెప్పింది. వెళ్ళిపోయిన ఆమె కోసం ఏడ్చి ఏడ్చి నేను హాస్టల్లో చేరిన తర్వాతి ఏడాదే తాత దోర్నపాల్ వచ్చాడట. సంతలో ఆమె చింతపండు గంప పక్కన కూర్చున్నాడట. పెద్దలంతా ఒప్పుకున్నారు, వెలి ఎత్తేశాం, ఇంటికి పోదాం పా బిడ్డా అన్నాడట.

“మరి ఎందుకు రాలేదు?”

“నేనొక్కటే అడిగిన. నా బిడ్డ తప్పు చెయ్యలే అని ఆ రాయి మీద కూసొని చెప్తవా అయ్యా అన్న. మాట్లాడలే. పొద్దుగూకేదాకా గట్లనే కూసున్నడు. బస్సొచ్చింది, ఎక్కి పోయిండు. మళ్ళ రాలే, నేను పోలే.”

అంటే ఇన్నేళ్ళూ ఆమె ఆ తీర్పుకు కట్టుబడి బయట ఉండలేదు. అది తప్పని తాత ఒప్పుకోనందుకు బయట ఉంది. గేటు పక్క సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. “అత్తా, నేను ఆరోజు చెప్పకుండా ఉంటే…” అని మొదలుపెట్టాను. ఇన్నేళ్ళకు మొదలుపెట్టాను.

“చెప్పకుంటే నేనే నీ చెంప పలగ్గొట్టేదాన్ని” అంది. “నువ్వేం అబద్ధం చెప్పినవా? తొమ్మిదేండ్ల పిల్ల నిజం చెప్తే నాకేంది కోపం! పెద్దగయినంక ఏం చెప్పినవ్ అది చెప్పు. నాలుగు పుస్తకాలు రాస్తివి. మా తాత గొప్పోడు, మా సభ గొప్పదని రాస్తివంట. ఎవరో చదివి చెప్పిన్రు. నా ముచ్చట ఏ పుస్తకంల ఉన్నదే?”

ఏ పుస్తకంలోనూ లేదు. తాత కాళ్ళ మీద నీళ్ళు పోయడం రాశాను, మద్దిచెట్ల నీడ రాశాను. సొరబుర్ర గురించే రెండు పేజీలు రాశాను. అత్తను తప్పించుకుంటూ ఆ వయసంతా రాశాను. నాకు ఏడుపు వచ్చింది. ఆమె కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఓదారుస్తుందేమోనని చూశాను. ఓదార్చలేదు. బాగానే చేసింది.

ఆ దిమ్మె మీద నుంచే కుర్రాడికి ఫోన్ చేశాను. చివరి వాక్యం తీసేయాలి అన్నాను. ‘తొమ్మిదేళ్ళ పిల్లను బతికించడానికి పండుగకు ముందే మామిడికాయ కోసిన స్త్రీని ఇక్కడి నుంచే వెలివేశారు, ఆమె తప్పు చేయలేదు’ అని వేయాలి అన్నాను. కుర్రాడు మంచివాడే. “జిల్లా ఉత్సవాలకు పెట్టే బోర్డు మేడమ్, పెద్దవాళ్ళను అడగాలి” అన్నాడు. అడిగాడో లేదో, తర్వాత చూస్తే తప్పుడు వాక్యం తీసేశారు, నాది వేయలేదు. ఆ చోట ఇప్పుడు ఒక నెమలి బొమ్మ ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్ పెట్టేసి లోపలికి నడిచాను. ఇక కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. రాళ్ళకు సున్నం వేశారు, చుట్టూ గులకరాళ్ళు పోశారు. మా ఊరి రాయి ఎడమ నుంచి మూడోది. దాని ముందు ‘రాళ్ళపై కూర్చోరాదు’ అని మూడు భాషల్లో రాసి ఉంది. దాని మీద కూర్చున్నాను. వెంటనే విజిల్ మోగింది. “అమ్మా! లెవ్వు లెవ్వు, నాకు డాంట్ పడతది, సార్లు తిడతరు!” అంటూ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఫొటోలు దిగుతున్న ఒక కుటుంబం తిరిగి చూసింది. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించి, గొంతు సర్దుకుని, “మా లచ్చత్త తప్పు చేయలేదు. నన్ను బతికించింది. వెలివేసిన మేమే తప్పు చేశాం” అని గట్టిగా చెప్పాను. నాకు అరవై దాటాయి.

కంచె అవతల నుంచి అత్త కేక వేసింది. “ఒక్క తెలుగులనేనా? నా ఫైసలా ఆనాడు మూడు బాసల్ల చెప్పిన్రు, ఏ ఊరోళ్ళు గూడ సమజ్ కాలే అనొద్దని!”

హిందీలో చెప్పాను. ఆ భాషను పిల్లలకు నేర్పి పింఛను తీసుకుంటున్నదాన్ని, తడుముకోలేదు. ఫొటోల కుటుంబంలో పెద్దామె తల ఊపింది కూడా. ఇక దొర్లి మిగిలింది. నోరు తెరిచాను. రాలేదు. నీళ్ళు, నిప్పు, రా, పో, మామిడి, ఇలా మాటలు విడివిడిగా ఉన్నాయి. కానీ వాటిని కలిపి ఒక మనిషి నిర్దోషి అని చెప్పే దారి లేదు. గట్టు మీద పొద్దంతా మాట్లాడిన భాష. తాత తీర్పును ఆ భాషలో చెప్పినప్పుడు ప్రతి మాటా నాకు అర్థమైంది. ఇప్పుడు దాన్ని తిప్పి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. జగదల్‌పూర్ పోయాక నేను పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. ఇంత అవమానం ఎప్పుడూ పడలేదు.

విజిల్ చేతిలో పట్టుకుని నిలబడ్డ అమ్మాయి నా మొహం చూసింది. కంచె దగ్గరికి పోయి అత్తను దొర్లిలో ఏదో అడిగింది. అత్త చెప్పింది. చాలాసేపు చెప్పింది, చేతులు తిప్పుతూ, పొయ్యిలో కాయ ఎలా తిప్పిందో కూడా చూపించింది. అమ్మాయి వెనక్కి వచ్చి, నా పక్కన నిలబడి, పది రాళ్ళ వైపూ తిరిగి చెప్పింది. నేను చెప్పినదానికంటే ఎక్కువే చెప్పింది. ఎక్కడా తడబడలేదు. నాకు సగమే తెలిసింది, అత్తకు అంతా తెలిసింది. చెప్పడం అయిపోయాక అమ్మాయి గేటు వైపు పోయి, అడగకుండానే దాన్ని బార్లా తెరిచి పట్టుకుంది.

అత్త చెప్పులు బయటే విడిచి వచ్చింది. గులకరాళ్ళు గుచ్చుకుంటుంటే నా భుజం పట్టుకుని నడిచింది. ఏ పూలూ చూడలేదు. మా ఊరి రాయి దగ్గర ఆగి, నన్ను లెమ్మని చేత్తో సైగ చేసింది. లేచాను. ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. అమ్మాయి విజిల్ ఊదలేదు. అత్త ఎటు తిరిగితే సుఖంగా ఉంటుందా అని కాసేపు ఇటూ అటూ జరిగింది, రాయి మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు అప్పుడు చూశాను.

“ఇంత గట్టి రాయి మీద మా అయ్య పొద్దంతా ఎట్ల కూసున్నడే!” అంది.